పవర్ సప్లై ఎంచుకోవడంలో నా అనుభవం: వాట్ల అంకె పక్కన పెట్టి చూశాక

కంప్యూటర్ సొంతంగా అసెంబుల్ చేసుకునేవాళ్ళు చాలామంది ప్రాసెసర్ గురించి, గ్రాఫిక్స్ కార్డు గురించి వారాల తరబడి చదువుతారు, పవర్ సప్లై దగ్గరికి వచ్చేసరికి మాత్రం మిగిలిన డబ్బుకి ఏది వస్తే అది తీసుకుంటారు. నా దృష్టిలో అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది దాని గురించే. లోపలున్న ప్రతి భాగానికీ కరెంటు దాని గుండానే వెళ్తుంది కాబట్టి అది చెడిపోతే తనతో పాటు ఇంకేం తీసుకుపోతుందో చెప్పలేం. ఈ మధ్య నా మెషీన్‌కి కొత్త పవర్ సప్లై వెతుక్కునే క్రమంలో తెలుసుకున్నవి, కొలిచినవి, అమర్చేటప్పుడు జాగ్రత్త పడినవి ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడు అదే పనిలో ఉన్నవాళ్ళకి ఉపయోగపడితే సంతోషం.

నా దగ్గరున్నది రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు. పవర్ సప్లై మాత్రం పాత మెషీన్‌లోది, పెట్టె మీద 650 వాట్లు అని ఉంది, అందులో ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది. కొత్త కార్డు పెట్టాక మామూలు పనులకి ఏమీ కాలేదు, కానీ పెద్ద గేమ్ ఏదైనా ఆడుతుంటే ఉన్నట్టుండి మెషీన్ మొత్తం ఆగిపోయేది. నీలం తెర లేదు, ఎర్రర్ మెసేజ్ లేదు, లోపల టక్కుమని చిన్న శబ్దం వచ్చి ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోవడమే. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో చూస్తే కెర్నల్-పవర్ 41 అని ఉంది. అది చూసి చాలామంది పవర్ సప్లై పోయిందని నిర్ధారించేసుకుంటారు గానీ ఆ నంబరుకి అర్థం అంతవరకూ లేదు, సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది అని మాత్రమే. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

అందుకని ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాను. వేడి చూశాను, కార్డు, ప్రాసెసర్ రెండూ హద్దులోనే ఉన్నాయి. మెమరీ టెస్టు రాత్రంతా పెట్టాను, ఒక్క తప్పు కూడా రాలేదు. ఆ తర్వాత కార్డు ఎంత విద్యుత్తు లాగొచ్చో నిర్ణయించే పవర్ లిమిట్ సెట్టింగ్‌ని 70 శాతానికి తగ్గించి అదే గేమ్, అదే చోట ఆడి చూస్తే ఎంతసేపైనా నిక్షేపంగా నడిచింది. మళ్ళీ 100కి పెట్టగానే కాసేపటికే ఆగిపోయింది. అనుమానం పవర్ సప్లై మీద బలపడింది అక్కడే. కొత్త భాగాలేవీ కొనకుండా, ఏదీ విప్పకుండా చేసుకోగల పరీక్ష ఇది, ఇలాంటి సమస్య ఉన్నవాళ్ళు ముందు ఇది చేసి చూడండి.

మల్టీమీటర్ పెట్టి కూడా కొలిచాను. 12 వోల్టుల లైను ఖాళీగా ఉన్నప్పుడు 12.1, గేమ్ నడుస్తున్నప్పుడు 11.9. డెస్క్‌టాప్ పవర్ సప్లైలకి వర్తించే ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం అటూ ఇటూ 5 శాతం, అంటే 11.4 నుంచి 12.6 దాకా ఉండొచ్చు కాబట్టి మీటరు లెక్కలో అంతా సవ్యంగానే ఉన్నట్టు. కానీ మీటరు సెకనుకి కొన్నిసార్లు మాత్రమే చూసి సగటు చెబుతుంది, ఇక్కడ జరిగేది మిల్లీసెకను లోపు వ్యవహారం. 3080 కార్డుకి అధికారికంగా 320 వాట్లు అని రాస్తారు, అది సగటు. ఆ సగటు చుట్టూ కార్డు క్షణక్షణం పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది, మిల్లీసెకనులో కొంత భాగం పాటు 450 వాట్లు దాటి లాగడం సమీక్షకులు ఓసిల్లోస్కోపు (క్షణక్షణం మారే విద్యుత్తుని గీతగా చూపే పరికరం) పెట్టి కొలిచి చూపించారు. 2020లో ఈ తరం కార్డులు వచ్చినప్పుడు, అప్పటిదాకా బాగానే ఉన్న పవర్ సప్లైలు చాలాచోట్ల ఇలాగే ఆగిపోవడం మొదలైంది. ఆ కుదుపుని చూసి లోపలి రక్షణ సర్క్యూట్ ఏదో తప్పు జరుగుతోందనుకుని సరఫరా ఆపేస్తుంది. ఒక రకంగా అది తన పని తాను చేసినట్టే, ఆపకుండా కాలిపోయి ఉంటే అప్పుడు బాధపడాలి.

అప్పుడు పాత దాన్ని బయటికి తీసి దాని పక్కనున్న లేబుల్ చదివాను. మా తమ్ముడు పక్కనే ఉన్నాడు, "అన్నయ్యా, 650 అని ఇంత పెద్దగా రాసుంది కదా, మెషీన్ మొత్తం వాడకం నీ లెక్కలో 520 దాటలేదు, మరి చాలకపోవడం ఏంటి?" అన్నాడు. "ఆ 12 వోల్టుల గడి చూడరా" అని చూపించాను. రెండు 12 వోల్టుల లైన్లూ కలిపి 42 ఆంపియర్లు. పన్నెండుతో గుణిస్తే 504 వాట్లు. మిగతాదంతా 3.3, 5 వోల్టుల లైన్ల మీద చూపించి 650 చేశారు. ఒకప్పుడు ప్రాసెసర్లు 5 వోల్టుల లైను నుంచి లాగేవి కాబట్టి ఆ పంపకానికి అర్థం ఉండేది. ఇప్పుడు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తమ విద్యుత్తు దాదాపు అంతా 12 వోల్టుల నుంచే తీసుకుంటాయి. 5800ఎక్స్ మీద 105 వాట్లు అని ఉన్నా మదర్‌బోర్డు దానికి 142 దాకా ఇస్తుంది. కార్డుకి 320, అక్కడికే 462 అయింది, దాని మీద ఫ్యాన్లు, బోర్డు, డిస్కులు కలిపితే 504 అంచుకి చేరిపోయాం, ఇక కుదుపులకి చోటెక్కడ? వాడు ఫోన్ తీసి తన పవర్ సప్లై మోడల్ లేబుల్ వెతకడం మొదలుపెట్టాడు.

కాబట్టి కొత్తది చూసేటప్పుడు నా మొదటి ప్రశ్న 12 వోల్టుల మీద ఎన్ని ఆంపియర్లు అన్నది. ఇప్పటి మంచి మోడళ్ళలో మొత్తం సామర్థ్యం దాదాపుగా 12 మీదే దొరుకుతుంది, 750 వాట్ల దానిలో 62 ఆంపియర్లు అలా. లేబుల్ ఫోటో పెట్టకుండా, ఆ పట్టిక ఎక్కడా ఇవ్వకుండా అమ్మేదాన్ని నేను చూడటం అక్కడితో ఆపేశాను. ఒకటి 850 వాట్లు, గోల్డ్ స్టిక్కర్, రంగురంగుల లైట్లు, అద్దం మూత ఉన్న పవర్ సప్లై కనపడింది. తయారీదారు సైట్‌కి వెళ్తే లైట్లకి ఎన్ని రంగులో ఉంది గానీ ఆంపియర్ల పట్టిక లేదు, ఏయే రక్షణలు ఉన్నాయో లేదు, ఎవరూ విప్పి చూసిన దాఖలా లేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఆ స్టిక్కర్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దాన్నే నాణ్యతకి గుర్తుగా తీసుకుంటున్నారు. 80 ప్లస్ అనే కార్యక్రమం 2004లో మొదలైంది. అది కొలిచేది ఒక్కటే, గోడ నుంచి తీసుకున్న విద్యుత్తులో ఎంత శాతం కంప్యూటర్‌కి చేరుతోంది అన్నది. 115 వోల్టుల పరీక్షలో సగం లోడు దగ్గర బ్రాంజ్‌కి 85, గోల్డ్‌కి 90, ప్లాటినమ్‌కి 92 శాతం ఉండాలి. మెషీన్ 500 వాట్లు వాడుతుంటే 90 శాతం దానికి గోడ నుంచి 555, 85 శాతం దానికి 588 వెళ్తాయి, తేడా 33 వాట్లు, ఆ మేరకు వేడి, ఫ్యాను చప్పుడు తగ్గుతాయి. మంచిదే. కానీ రిపుల్ (బయటికి వచ్చే డీసీ మీద మిగిలే అలలు) ఎంతుంది, షార్ట్ అయితే ఆగుతుందా, వేడెక్కితే ఏం చేస్తుంది, విద్యుత్తుని కాసేపు నిల్వ ఉంచే కెపాసిటర్లు ఎన్నేళ్ళు నిలుస్తాయి అనే వాటికి ఆ స్టిక్కర్‌తో ఏ సంబంధమూ లేదు. పైగా ఆ పరీక్ష 23 డిగ్రీల దగ్గర చేస్తారు, కేబినెట్ లోపల గ్రాఫిక్స్ కార్డు కింద కూర్చున్న పవర్ సప్లై పీల్చే గాలి అంత చల్లగా ఉండదు. సైబెనెటిక్స్ అని ఇంకో సంస్థ రేటింగ్ కూడా ఉంది, వాళ్ళు సామర్థ్యంతో పాటు శబ్దానికి కూడా విడిగా గ్రేడు ఇస్తారు, నాకు అది బాగా పనికొచ్చింది.

బ్రాండ్ పేరు చూసి తీసుకోవడం కూడా కుదరదని త్వరగానే అర్థమైంది. మనం పెట్టె మీద చూసే కంపెనీల్లో చాలావాటికి పవర్ సప్లై ఫ్యాక్టరీలు లేవు, వేరేవాళ్ళ చేత చేయిస్తారు. సీజనిక్, సూపర్ ఫ్లవర్, ఎఫ్‌ఎస్‌పీ లాంటివి సొంత పేరుతోనూ ఇతరుల పేరుతోనూ తయారుచేస్తాయి, సీడబ్ల్యూటీ, గ్రేట్ వాల్ పేర్లు మామూలు కొనుగోలుదారుకి పెద్దగా తెలియవు కానీ లోపల బోర్డు వాళ్ళదే అయి ఉంటుంది. ఒకే బ్రాండులో ఒక సిరీస్ చక్కగా, దాని కింది సిరీస్ అంతంతమాత్రంగా ఉండటం మామూలే. ఒక్కోసారి అదే పేరు ఉంచి లోపలి డిజైన్ మార్చేస్తారు. అందుకని నేను మోడల్ నంబరు, వచ్చిన సంవత్సరం రెండూ కలిపి వెతికాను, దాన్ని విప్పి, లోడు పెట్టి కొలిచిన సమీక్షలే చదివాను. పెట్టె విప్పి, ఫ్యాను లైటు చూపించి, గేమ్ ఆడి బాగుంది అని ముగించే వీడియోలతో పవర్ సప్లై సంగతి ఏమీ తెలియదు.

కొలతల్లో నేను ముఖ్యంగా చూసినది రిపుల్. బయటికి వచ్చే డీసీ నున్నగా ఉండకుండా దాని మీద మిగిలిపోయే చిన్న చిన్న అలల లెక్క అది. 12 వోల్టుల మీద 120 మిల్లీవోల్టులు, 5, 3.3 మీద 50 మిల్లీవోల్టులు ప్రమాణం ఒప్పుకునే హద్దు. మంచి వాటిలో పూర్తి లోడులో కూడా ఇది 12 మీద 30, 40 దాటదు. రిపుల్ ఎక్కువైతే కంప్యూటర్ వెంటనే ఆగిపోదు, అందుకే ఎవరూ పట్టించుకోరు, కానీ బోర్డు మీద, కార్డు మీద ఉన్న కెపాసిటర్లు ఆ అలల్ని భరిస్తూ వేడెక్కి త్వరగా అరిగిపోతాయి.

తర్వాత లోపలి పద్ధతి. పాత, చవక డిజైన్లలో 12, 5 వోల్టులని కలిపి ఒకేసారి నియంత్రిస్తారు, దాన్నే గ్రూప్ రెగ్యులేషన్ అంటారు. 12 మీద బరువు పెరిగి 5 మీద ఏమీ లేకపోతే ఒకటి కిందికి, ఇంకొకటి పైకి జరుగుతాయి. ఇప్పటి కంప్యూటర్లు సరిగ్గా అలాంటి లోడే పెడతాయి. 2013లో ఇంటెల్ హాస్వెల్ ప్రాసెసర్లు నిద్రావస్థలో మరీ తక్కువ కరెంటు తీసుకోవడంతో ఇలాంటి పవర్ సప్లైల గురించి పెద్ద చర్చే నడిచింది. డీసీ టు డీసీ డిజైన్‌లో ముందు 12 తయారుచేసి, అందులోంచి 5, 3.3 విడిగా తీస్తారు, ఒకదాని బరువు ఇంకొకదాని మీద పడదు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషీన్‌కి ఇది లేనిది అస్సలు తీసుకోవద్దని నా అభిప్రాయం.

కెపాసిటర్ల విషయంలో జపాన్‌వా కాదా అన్న వాదన ఎక్కువ వింటాం. నిప్పాన్ కెమికాన్, రూబికాన్, నిచికాన్ లాంటివి ఉంటే మనసుకి ధైర్యమే, కానీ అంతకంటే 105 డిగ్రీల రేటింగా 85దా, లోపల వేడి ఎంత అన్నవి చూడాలి. స్థూలంగా ప్రతి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు రెట్టింపవుతుందని లెక్క. ఇక రక్షణల జాబితాలో ఓవర్ వోల్టేజ్, అండర్ వోల్టేజ్, ఓవర్ కరెంట్, ఓవర్ పవర్, షార్ట్ సర్క్యూట్, ఓవర్ టెంపరేచర్ ఆరూ ఉన్నాయో లేదో చూశాను. చవక వాటిలో మొదట వదిలేసేది ఆ చివరిదే, ఫ్యాను ఆగిపోయిన రోజున ఇల్లు కాపాడేది కూడా అదే.

ఎన్ని వాట్లు అన్నది ఆఖర్న తేల్చుకున్నాను. నిలకడ లోడు 520 దగ్గర, దాని మీద కుదుపులు. ఈ కార్డు చిప్ తయారుచేసే ఎన్‌విడియా 3080కి 750 సూచించింది, నా లెక్కకీ అదే సరిపోయింది. 1000 తీసుకుంటే తప్పేం లేదు, పెద్ద పవర్ సప్లై పెడితే కరెంటు ఎక్కువ కాలుతుందన్న భయం అక్కర్లేదు, మెషీన్‌కి కావాల్సినంతే లాగుతుంది. కానీ అదే డబ్బులో నాసిరకం 1000 కంటే నాణ్యమైన 750 వెయ్యి రెట్లు నయం. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఇంకో సౌలభ్యం ఉంది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, తన రేటింగ్‌కి రెట్టింపు కుదుపుని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని షరతు పెట్టారు, సరిగ్గా నాకొచ్చిన సమస్యకే మందు. ఆ ప్రమాణంతో పాటు వచ్చిన సన్నటి 12 వోల్టుల కొత్త కనెక్టర్ కొన్నిచోట్ల కరిగిపోవడంతో దాన్ని సరిచేసి 12వీ-2x6 అని 2023లో ఇంకో రూపం తెచ్చారు. నా కార్డుకి పాత 8 పిన్నులే కాబట్టి నేను ఆ జోలికి పోలేదు.

చివరికి మిగిలినవి సీజనిక్ ఫోకస్ జీఎక్స్-750, కోర్సెయిర్ ఆర్‌ఎం750ఎక్స్. రెండూ గోల్డ్, రెండూ పూర్తి మాడ్యులర్ (కేబుళ్ళన్నీ విడిగా తీసి పెట్టుకోగలిగేవి), రెండింటికీ 10 ఏళ్ళ వారంటీ. మొదటిది 140 మిల్లీమీటర్ల పొడవు, రెండోది 160. నా కేబినెట్‌లో పవర్ సప్లై వెనకే హార్డ్ డిస్కుల పంజరం ఉంది, స్కేలు పెట్టి కొలిస్తే 160 పట్టాక కేబుళ్ళు వంచడానికి చోటు మిగలదు. పంజరం స్క్రూలు విప్పి తీసేయొచ్చని చూసుకున్నాక ఆర్‌ఎం750ఎక్స్ ఖాయం చేసుకున్నాను, సమీక్షల్లో దాని రిపుల్ చాలా తక్కువ, చప్పుడు ఇంకా తక్కువ. చిన్న కేబినెట్ అయితే నా చెయ్యి సీజనిక్ మీదికే వెళ్ళేది.

వచ్చాక నేరుగా బోర్డుకి తగిలించలేదు. విడిగా బల్ల మీద పెట్టి, పాత హార్డ్ డిస్క్ ఒకటి లోడుగా కలిపి, 24 పిన్నుల కనెక్టర్‌లో పవర్ సప్లైని ఆన్ చేసే 16వ పిన్నుని 17వ పిన్నుతో వైరు ముక్కతో కలిపాక స్విచ్ వేశాను. కేబుళ్ళన్నీ నలుపే కాబట్టి పాతవాటిలోలా పచ్చ వైరు అని వెతికితే దొరకదు, పిన్నుల పటం పక్కన పెట్టుకోవాలి. ఫ్యాను తిరగలేదు. తక్కువ లోడులో ఫ్యాను ఆగి ఉండేలాగే దాన్ని తయారుచేశారు, అది తెలియకపోతే టెన్షన్ పడి వెనక్కి పంపేస్తాం. డిస్కు తిరిగిన శబ్దం వచ్చింది, మీటరు 12.1, 5.03, 3.33 చూపించింది.

అమర్చేటప్పుడు అందరికీ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది, పాత కేబుల్ ఒక్కటి కూడా లోపల ఉంచకండి. మాడ్యులర్ కేబుల్‌లో బోర్డు వైపు, డిస్కు వైపు ఉండే కొస ప్రమాణం ప్రకారమే ఉంటుంది, పవర్ సప్లై వైపు కొసకి మాత్రం ఏ ప్రమాణమూ లేదు. ప్లగ్ చక్కగా పడుతుంది, కానీ ఒక కంపెనీలో 5 వోల్టులు ఉన్న పిన్ను ఇంకో దానిలో 12 అయి ఉండొచ్చు. అలా పెట్టి స్విచ్ వేస్తే సాటా డిస్కులన్నీ క్షణంలో పోతాయి, వాటిలోని ఫోటోలతో సహా. శ్రమ అనుకోకుండా పాతవన్నీ లాగేసి కొత్త పెట్టెలోవే వేశాను. కార్డుకి కూడా ఒకే కేబుల్‌కి ఉన్న రెండు తలలు వాడకుండా పవర్ సప్లై నుంచి రెండు వేర్వేరు కేబుళ్ళు తీసుకెళ్ళాను. 8 పిన్నుల కనెక్టర్ ఒక్కోదానికీ 150 వాట్లు, ఇంకో 75 బోర్డు మీద కార్డు కూర్చునే స్లాటు నుంచి, భారం సమానంగా పంచుకుంటే కనెక్టర్లు చల్లగా ఉంటాయి. ప్రాసెసర్ 8 పిన్నులదీ, కార్డు 8 పిన్నులదీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ వాటిలో ప్లస్, మైనస్ తారుమారు, కేబుల్ మీద రాసింది చదివి పెట్టాలి.

కార్డు పవర్ లిమిట్ 100కి తెచ్చి, ప్రాసెసర్‌ని, కార్డుని ఒకేసారి పూర్తిగా నొక్కే ఓసీసీటీ అనే సాఫ్ట్‌వేర్‌లోని పవర్ టెస్టు పెట్టాను. గోడ దగ్గర పెట్టిన వాట్ మీటరు 580 చుట్టూ తిరిగింది, 12 లైను 12.05 దగ్గరే నిలబడింది. తర్వాత ఆగిపోయే గేమ్‌ని అదే చోట చాలాసేపు ఆడాను. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఆగలేదు.

మిగిలినవి బయటి సంగతులు రెండు. కేబినెట్ ఇనుము ముట్టుకుంటే చిమచిమలాడుతోందని పవర్ సప్లైని అనుమానించేవాళ్ళు ముందు సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో చూపించుకోండి. లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్త్‌కి పోవాలి, ఎర్త్ లేకపోతే అది కేబినెట్ మీదే ఉండిపోతుంది, పవర్ సప్లై ఎంత మంచిదైనా అంతే. రెండోది యూపీఎస్. దాని మీద రాసే వీఏ (వోల్ట్ ఆంపియర్లు), వాట్లు ఒకటి కావు, నా పాత యూపీఎస్ మీద 650 వీఏ అని పెద్దగా, 360 వాట్లు అని చిన్నగా ఉంది. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ బ్యాటరీకి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, ఆ మధ్యకాలం మెషీన్‌ని నిలబెట్టేది పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్. సమీక్షల్లో అది హోల్డ్ అప్ టైమ్ అని ఉంటుంది, అది కూడా చూసుకోండి. కొత్త పవర్ సప్లైకి ఆ సమయం సరిపడా ఉంది, యూపీఎస్‌కే వాట్లు చాలవు. అందుకని గేమ్ ఆడుతున్నప్పుడు కరెంటు పోతే ఇప్పటికీ మెషీన్ ఆగుతుంది, 900 వాట్లు ఇవ్వగల, గోడ కరెంటులాంటి నున్నటి అలనే ఇచ్చే సైన్ వేవ్ యూపీఎస్ కోసం చూస్తున్నాను.